మా బాపు మొక్కని మొక్కు

నా దగ్గర రెండు వార్తలున్నాయి. మొదటిది, నాకు డిగ్రీ వచ్చింది. మా ఇంట్లో, మా తాత ఇంట్లో, మా అమ్మ పుట్టింట్లో, ఎటు వెతికినా డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. మైక్రోబయాలజీ. ఆ మాట మా గల్లీలో ఎవరికీ సరిగ్గా నోరు తిరగదు. తిరగకపోయినా పరవాలేదు, నాకు తిరుగుతుంది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. రెండో వార్త, మా బాపు, అంటే మా నాన్న, పాలు మానేశాడు.

మొదటిది చెబితే అందరూ నోరు తీపి చేయమంటారు. రెండోది చెబితే నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ల గురించే ఇది రాస్తున్నాను. వాళ్లంటే నాకు ఏమాత్రం గౌరవం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మేముండేది సూరత్‌లో, భేస్తాన్ వైపు. మా గల్లీలో సగానికి పైగా తెలంగాణ నుంచి వచ్చిన తెలుగువాళ్లే. మగవాళ్లంతా పవర్‌లూమ్ కార్ఖానాల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. ఈ గల్లీలో గౌరవం అంటే చాయ్. ఇంటికొచ్చిన మనిషికి చాయ్ పోయకపోతే ఆ ఇంటి పరువు పోతుంది. పోసిన చాయ్ తాగకపోతే వచ్చిన మనిషి పరువు పోతుంది. ఆ చాయ్ ఎలాంటిదో కూడా చెప్పాలి. పొద్దున కాచిన పాలు సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ మరిగి, మీగడ ముక్కలు ముక్కలుగా తేలుతూ, పెదవులకు అంటుకునేంత చక్కెరతో వస్తుంది. మూతి కాలేంత వేడిగా ఉంటుంది కాబట్టి రుచి ఎవరికీ తెలియదు. తెలిస్తే తాగరు. కార్ఖానాలో అయితే కెటిల్ వచ్చేసరికి, ఎక్కడి సాంచాలు అక్కడ నడుస్తుండగానే అందరూ గ్లాసులు పట్టుకుని గుమిగూడతారు. ఆ గ్లాసు వద్దన్నవాడు వాళ్లలో ఒకడు కానట్టు.

మా బాపుకు ఆ పాలు పడవు. గ్లాసు చాయ్ లోపలికి వెళ్లిన కాసేపటికే కడుపు ఉబ్బిపోయేది, లోపల సుళ్లు తిరిగేది, ఆ తర్వాత పరుగే. ఒక వరస సాంచాలు చూసుకునే మనిషి అలా పరుగెత్తితే, తిరిగొచ్చేలోగా ఎక్కడో దారం తెగుతుంది, బట్టలో గీత పడుతుంది, శేఠ్ దాన్ని డ్యామేజ్ అంటాడు. ఇదంతా నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అయినా పాల మీదకు ఎవరి అనుమానమూ పోలేదు. పాలు మంచివి కదా. కడుపు నీరసపడిందని అమ్మ రోజూ పడుకునే ముందు పసుపు వేసి వేడి పాలు ఇచ్చేది. బలానికని పెద్దబాపు గేదెపాలు పంపించేవాడు. గల్లీ డాక్టరు గ్యాస్ అని పచ్చ గోళీలు ఇచ్చి, పాలతో వేసుకోమనేవాడు. ఒక మనిషి కడుపును పాడుచేస్తున్నదాన్నే ఊరంతా కలిసి మందుగా పోసింది, అదీ ప్రేమతో. నాకు ఆ ప్రేమ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెద్దబాపు అంటే మా బాపుకు పెదనాన్న కొడుకు. ఊళ్లో చేనేత మగ్గం ఆగిపోయినప్పుడు బాపును సూరత్ తీసుకొచ్చి సాంచా నేర్పింది ఆయనే. అదే కార్ఖానాలో ఇప్పుడు మేస్త్రీ. ఆయన మాటకు బాపు ఎదురు చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒకసారి బంధువుల పెళ్లికి అందరం బస్సులో బార్డోలీ వెళ్తున్నాం. బయల్దేరే ముందు ఆయనే బలవంతంగా బాపుకు రెండు గ్లాసుల చాయ్ తాగించాడు. దారిలో బాపు బస్సు ఆపించుకుని చెరుకుతోటలోకి పరుగెత్తాడు. బస్సంతా కిటికీల్లోంచి చూసింది. ఆయన చొక్కాకు చెరుకాకులు గీసుకుని తిరిగొచ్చేసరికి పెద్దబాపు పేరు పెట్టేశాడు. చెరుకుతోట. ఆ రోజు నుంచి బాపు కార్ఖానాలో సాంచాల దగ్గర నుంచి కదిలితే చాలు, "ఏందిరా, చెరుకుతోటకా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి ఒకే మాటకు నవ్వగలిగే మనుషులు వాళ్లు. కొత్తది ఆలోచించే ఓపిక కూడా ఉండదు.

ఆ తర్వాత బాపు జనంలో కూర్చోవడం మానేశాడు. పెళ్లికి వెళ్తే తలుపు పక్క కుర్చీ. మీటింగ్‌కి వెళ్తే బయట మెట్ల మీద. బడిలో నాకు బహుమతి ఇచ్చిన రోజుల్లో గేటు దగ్గరే నిలబడి, మైకులో నా పేరు వినపడగానే ఇంటికి వెళ్లిపోయేవాడు. నా చేతికి కప్పు అందడం ఆయన ఒక్కసారీ చూడలేదు.

అందుకే నేను చివరి సంవత్సరంలోకి వచ్చినప్పుడే డిగ్రీ పట్టాలిచ్చే రోజు గురించి ఇంట్లో మాట తెచ్చాను. మా కాలేజీలో ఆ కార్యక్రమం పెద్ద హాల్లో చేస్తారు. తల్లిదండ్రులు ముందే లోపల కూర్చోవాలి. ముఖ్య అతిథి వచ్చాక తలుపులు వేస్తారు, అయిపోయేదాకా తీయరు. ఈ సంగతి చెప్పేసరికి బాపు ముఖంలో సంతోషం కాస్త వెలిగి ఆరిపోయింది.

"నువ్వు పో బిడ్డ. మీ అమ్మను తోల్కపో. నేను ఫోటోల చూస్త," అన్నాడు.

ఎందుకని అడిగితే, "నడుమల లేస్తె గంతమందిల నీ ఇజ్జత్ పోతది," అన్నాడు.

నా చదువుకు ఫీజులు కట్టింది ఆయన, సాంచాల చప్పుడుకు చెవులు అప్పగించింది ఆయన, చివరికి తలుపు బయట నిలబడేదీ ఆయనేనా. నేను అప్పుడే అనుకున్నాను, ఆయన ఆ హాల్లో కూర్చోవాలి, లేదంటే ఆ పట్టా నేను పోస్టులో తెప్పించుకుంటాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే క్లాసులో పాల గురించి పాఠం వచ్చింది. పాలలో ఉండే ఒక రకం చక్కెరను అరిగించుకునే శక్తి చిన్నపిల్లలకు ఉంటుంది, పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది, తగ్గినవాళ్లు పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి అని మేడమ్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. నా పక్కన కూర్చున్నవాళ్లు పరీక్షకు వస్తుందా రాదా అని గుసగుసలాడుతున్నారు. నాకు ఆ బోర్డు మీద మా బాపు కడుపు కనిపించింది. మర్నాడే ఆయన్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్లాను. లేడీ డాక్టరు రోజంతా ఏం తాగుతారని అడిగింది. విన్నది. కొన్నాళ్లు పాలు పూర్తిగా మానేసి చూడమంది. అంతే. పచ్చ గోళీల డాక్టరు ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు. ఆయన బల్ల మీద కూడా ఎప్పుడూ ఒక చాయ్ గ్లాసు ఉండేది, అడిగితే తన గ్లాసు గురించీ ఆలోచించాల్సి వస్తుందని భయమేమో.

పాలు మానడం బాపుకు కష్టం కాలేదు. చాయ్ మానడం కష్టమైంది. సాంచాల మధ్య గంటలు గంటలు నిలబడే మనిషికి చాయ్ లేకపోతే కాళ్లు ఆడవు. పాలు లేకుండా డికాక్షన్ తాగి చూశాడు. సావు ఇంటి చాయ్ లెక్కున్నది అన్నాడు. కార్ఖానాలో ఇద్దరు నిజంగానే ఎవరు పోయారని అడిగారట.

ఆ రోజుల్లోనే నేను సాయంత్రాలు ఆల్థాన్‌లో ఒక ఫ్లాట్‌కి వెళ్లి, ఆ ఇంటి అమ్మాయికి సైన్స్ చెప్పేదాన్ని. ఆ అమ్మాయి తల్లి పాలు మానేసిన మనిషి. ఆమె ఫ్రిజ్ తెరిస్తే బాదం పాల డబ్బాలు, ఓట్స్ పాల డబ్బాలు వరసగా నిలబడి ఉండేవి, పుస్తకాల అరలాగా. ఆమెకు కడుపులో ఏ బాధా లేదు. జాలి వల్ల మానేసింది. దూడ నోటి దగ్గరి పాలు మనం లాక్కుంటున్నామని హిందీలో చెబుతూ ఒకరోజు నా ముందే కళ్లు తుడుచుకుంది. నేను కూడా కాస్త కరిగిపోయాను. తర్వాత చాందనీ పడ్వా వచ్చింది. ఆ రోజు సూరత్ అంతా ఘారీ తింటుంది, కోవా కూరి పైన గడ్డకట్టిన నెయ్యి పోతపోసిన మిఠాయి. నేను వెళ్లేసరికి ఆమె వేళ్ల మీదుగా మణికట్టు దాకా నెయ్యి కారుతోంది. దూడ సంగతి గుర్తుచేశాను. అది సంప్రదాయం కదా, అది వేరే, అంది నోటి నిండా ఘారీ పెట్టుకుని. ఆమె దయ ఎంత సౌకర్యంగా ఉంటుందో అప్పుడు అర్థమైంది. పండగలకు సెలవు తీసుకునే దయ.

మా బాపు సంగతి చెబితే మాత్రం, ఆయనకూ ఆవుల మీద ప్రేమ కలిగిందని మురిసిపోయి, మూత తీసిన ఓట్స్ పాల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. ఆమెకు ఆ రుచి నచ్చలేదట. నేను లోపల తిట్టుకుంటూనే ఇంటికి తెచ్చాను. బాపు ఒక గుక్క తాగి, "బియ్యం కడిగిన నీళ్లల్ల చక్కెర ఏసిండ్రు," అని గ్లాసు పక్కన పెట్టాడు.

అమ్మ ఆ డబ్బాను తిప్పి తిప్పి చూసింది. దీన్ని దేంతో చేస్తారని అడిగింది. ఓట్స్ నానబెట్టి, రుబ్బి, వడకడతారని చెప్పాను. "గంతేనా? గట్లయితె పల్లీలతోని కూడ అయితది," అంది. మా ఇంట్లో పల్లీలు ఎప్పుడూ ఉంటాయి. అవి లేకుండా మా అమ్మకు చట్నీ లేదు, కూర లేదు, కబుర్లు కూడా లేవు.

రాత్రి నానబోసి, పొద్దున పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి వడకట్టింది. తెల్లగా, చిక్కగా వచ్చాయి. కాచి అల్లం చాయ్‌లో పోస్తే విరగలేదు. బాపు తాగాడు. ఎట్లున్నదని అడిగితే, కార్ఖానాల తాగినట్టే ఉన్నది అన్నాడు. మేమిద్దరం మురిసిపోయాం. తర్వాత నేను ఒక గుక్క తాగాను. మెషీన్ ఆయిల్ వాసన. అచ్చం సాంచాల మధ్య నిలబడి గాలి పీల్చినట్టు. సంగతేమిటంటే, మా ఇళ్లల్లో దేనికి కరువున్నా బట్టకు కరువుండదు. సాంచా మీద నుంచి కోసిన కోరా బట్ట ముక్కలు ఇంటి నిండా ఉంటాయి. దిండు గలీబుకు అదే, కిటికీ పరదాకు అదే, బండలు తుడిచేందుకూ అదే. అమ్మ అందులోంచే ఒక కొత్త ముక్క తీసి పల్లీపాలు వడకట్టింది. ఎవరూ వాడని బట్ట, అంతకంటే శుభ్రం ఏముంటుందని ఆమె లెక్క. కానీ అది పాలిస్టర్, దారానికి పట్టించిన నూనె ఇంకా కడగలేదు. బాపుకు ఆ వాసన వాసనగానే తోచలేదు. చాయ్ అంటే ఇన్నేళ్లూ ఆయన ఆ గాలిలోనే తాగాడు. మర్నాటి నుంచి అమ్మ తన పాత నూలు చీర చింపి, ఉడకబెట్టి ఆరేసి దాంతో వడకట్టింది. అప్పుడు బాపు మొదటిసారి, ఇందులో ఏదో తక్కువైందే అన్నాడు.

కడుపు మాత్రం నెమ్మదించింది. ఉబ్బడం పోయింది, పరుగులు పోయాయి. బాపు పల్లీపాల చాయ్ స్టీలు ఫ్లాస్కులో పోసుకుని డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఒక మనిషి తన చాయ్ తాను తెచ్చుకుని తాగితే ఎవరికేం నష్టం అని మీరనుకుంటారు. మా కార్ఖానా మనుషుల్ని మీరెరగరు. ఫ్లాస్కు మూత తీస్తే చాలు చుట్టూ చేరేవాళ్లు. వాసన చూసేవాళ్లు. ఒకడు పల్లీలమ్మేవాడిలా కూతలు పెట్టేవాడు. పెద్దబాపు అయితే అందరి ముందూ నిలబెట్టి అడిగాడట.

"ఏందిరా, నీ బిడ్డ సదువుకొని నీ చాయ్ గుంజుకున్నదా? ఇంక రేపు బువ్వ గూడ మాన్పిస్తదా?"

అని, కెటిల్ చాయ్ గ్లాసులో పోసి ఆయన చేతికే ఇచ్చాడు. పెద్దబాపు చేతి గ్లాసును బాపు ఎలా కాదంటాడు. తాగాడు. మళ్లీ ఉబ్బడం, మళ్లీ పరుగు, మళ్లీ చెరుకుతోట. డాక్టరు చెప్పిందని బాపు నసిగితే, పాలు పడని మనిషి ఎవడుంటాడ్రా, తల్లిపాలు తాగలేదా అన్నాడట. మేస్త్రీ వైద్యం అలా ఉంటుంది.

ఇలా కొన్నాళ్లు గడిచాక మా అమ్మ ఒక పని చేసింది. పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లంతా బిందెలు పెట్టుకుని ఉండగా, ఊరికే మాటల మీద అన్నట్టు, బిడ్డ డిగ్రీ పాసయ్యేదాకా పాలు ముట్టనని మా ఇంటాయన దేవునికి మొక్కుకున్నాడని చెప్పింది. అంతే. సాయంత్రానికి గల్లీ మారిపోయింది. మావాళ్లలో మొక్కులు మామూలే. ఒకరు చెప్పులు వదిలేస్తారు, ఒకరు జుట్టు పెంచుతారు. ఇక్కడి గుజరాతీలు కూడా కోరిక తీరేదాకా అన్నమో బెల్లమో మానేస్తారు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కార్ఖానాలో కెటిల్ వస్తే పెద్దబాపే, వానికి పొయ్యకుండ్రి, మొక్కున్నది అని ఆపేవాడట. ఫ్లాస్కు మూత తీస్తే ఎవరూ నవ్వలేదు. ఒకాయన కూతురి మార్కుల కోసం తనూ బెల్లం మానేస్తే బాగుంటుందా అని బాపును సలహా అడిగాడు.

కడుపు నొప్పి అంటే వీళ్లు గ్లాసు నోట్లో పెట్టారు. దేవుడు అంటే గ్లాసు వెనక్కి తీసుకున్నారు. మనిషి పేగులకు లేని విలువ మొక్కుకు ఉంది. నాకు అమ్మ తెలివి చూసి నవ్వొచ్చింది, గల్లీ తెలివి చూసి అసహ్యం వేసింది. బాపు ఒక్కడే రెండూ కాకుండా ఉండేవాడు. దీపం పెట్టేటప్పుడు మా నేతవాళ్ల దేవుడు మార్కండేయస్వామి పటం వైపు సూటిగా చూసేవాడు కాదు.

నేను పాసయ్యాను. ఆ మాట ఇంకోసారి రాయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను పాసయ్యాను, ఫస్ట్ క్లాసులో. ఫోన్‌లో ఫలితం చూసి నేను అరిచిన అరుపుకు పక్కింటి కుక్కర్ కూత వినపడలేదు. బాపు నా తల మీద చెయ్యి పెట్టి, చెయ్యి అలాగే ఉంచాడు. అప్పుడు అమ్మ మెల్లగా, "మరి మొక్కు?" అంది.

ఆ సంగతి ముగ్గురిలో ఎవరమూ ఆలోచించలేదు. పాసయ్యేదాకా అని కదా చెప్పింది. ఇప్పుడు పాసయ్యాను. కోరిక తీరింది. ఇక మొక్కు చెల్లించాలి, నలుగురిలో పాలు తాగి. పెద్దబాపు అప్పుడు ఊరికి వెళ్లి ఉన్నాడు. అక్కడి నుంచే ఫోన్ చేశాడు, నేనొచ్చెదాక మొక్కు ఇడవద్దు, నా చేతులతోని తాపిస్త అని. ఆయన తిరిగొచ్చేది సరిగ్గా మా పట్టాల కార్యక్రమానికి ముందురోజు. ఆ సాయంత్రం పాలు తాగితే మర్నాడు బాపు పరిస్థితి ఏమిటో మాకు తెలుసు. తలుపులేసిన హాలు కాదు కదా, మా గల్లీ చివర కూడా దాటలేడు.

అమ్మ వెంటనే ఉపాయం చెప్పింది. "నౌకరీ వచ్చెదాక అని చెప్దాం."

"మరి నౌకరీ వచ్చినంక?" అన్నాను.

"పెండ్లయ్యెదాక."

ఆ లెక్కన నా మనవలు పుట్టేదాకా మా ఇంట్లో పల్లీపాలకు నా జీవితమే సాకు అవుతుంది. నేను గట్టిగా నవ్వాను, తర్వాత కోపం కూడా వచ్చింది. బాపు మాత్రం గోడకు ఆనుకుని మా ఇద్దరి మాటలూ వింటూ ఉన్నాడు.

ఆ సాయంత్రం వచ్చింది. పెద్దబాపు స్టీలు క్యాన్ నిండా పాలు తెచ్చాడు, కుంకుమపువ్వు వేసి, యాలకులు వేసి, చిక్కగా మరిగించినవి. వెనకాల గల్లీ సగం వచ్చింది. చెప్పులు గుమ్మం ముందు కుప్ప పడ్డాయి. వీళ్లలో నా పరీక్షలప్పుడు టీవీ గొంతు తగ్గించినవాళ్లు ఒక్కరూ లేరు. ఆడపిల్లకు అంత చదువెందుకని అడిగినవాళ్లు మాత్రం అందరూ ఉన్నారు. ఇప్పుడు నా పాస్ మీద అందరికీ హక్కొచ్చింది. పెద్దబాపు నా నెత్తిన చెయ్యి పెట్టి, మా ఖాందాన్ పేరు నిలబెట్టినవ్ బిడ్డ అన్నాడు. ఆ పేరు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు. తర్వాత గ్లాసు నిండా పాలు పోసి, మార్కండేయస్వామి పటం ముందు తిప్పి, బాపు చేతికిచ్చాడు.

బాపు గ్లాసు పట్టుకున్నాడు. అమ్మ నోరు తెరవబోయింది, నౌకరీ అనే మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. బాపు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వంగి, గ్లాసును పటం ముందు నేల మీద పెట్టాడు.

"అన్నా, నేను మొక్కలే," అన్నాడు.

పెద్దబాపుకు అర్థం కాలేదు. "ఏమంటివి?"

"మొక్కు లేదు ఏం లేదు. నాకు పాలు పడయి. తాగితె కడుపు ఆగదు. బార్డోలీ పోంగ అయిందిగూడ గందుకే. రేపు నా బిడ్డకు పట్టా ఇస్తరు. తలుపులు పెడ్తరట. నేను లోపట కూసోవాలె."

గుమ్మం దగ్గర ఎవరో ముక్కుతో నవ్వారు. చెరుకుతోట అన్న మాట మెల్లగా వినపడింది. బాపు ఆ వైపు తిరిగాడు. ఆయన గొంతు పెంచలేదు.

"అవ్, చెరుకుతోటనే. గా చెరుకుతోట రేపు లోపట కూసుంటది."

ఎవరూ నవ్వలేదు. పెద్దబాపు ముఖం ఎర్రబడింది. మరి ఇన్ని దినాలు దేవుని పేరు చెప్పి మమ్ముల పాగల్ చేసిండ్రా అన్నాడు.

"కడుపునొప్పి అంటె నవ్విండ్రు. దేవుడంటె చేతులు జోడిచ్చిండ్రు. నేనేం జెయ్యాలె అన్నా, నువ్వే చెప్పు."

పెద్దబాపు కిందున్న గ్లాసు తీసుకుని, ఖరీదైన పాలు కదా, నిలబడే గటగటా తాగేసి, క్యాన్ పట్టుకుని వెళ్లిపోయాడు. గల్లీ ఆయన వెనకాలే వెళ్లింది, మిగిలిన పాలు అక్కడ పంచుతాడేమోనని.

ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివరికి చెప్పాల్సింది వేరే ఉంది. పెద్దబాపు మారలేదు. బాపుతో పని మాటలు తప్ప మాట్లాడటం లేదు. పాలు పడకపోవడం మనసు బలహీనత అని ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడట. గల్లీ మాత్రం తన పద్ధతిలో మారింది. మొదట నల్లా దగ్గర అమ్మను ఒకామె చాటుగా పిలిచి పల్లీలు ఎంతసేపు నానబెట్టాలని అడిగింది. తమ ఇంటాయన కోసం కాదట, మరిది కోసమట. తర్వాత ఇంకొకామె, అత్త కోసమట. ముక్కుతో నవ్వినాయన కూడా ఒకరోజు వచ్చి, ఊళ్లో ఉన్న బావమరిదికి కడుపు బాగుండదని, ఏ బట్టతో వడకట్టాలో అడిగాడు. ఈ గల్లీలో కడుపులన్నీ బంధువులవే, ఎవరికీ సొంత కడుపు లేదు. నేను అందరికీ ఓపికగా చెబుతున్నాను. కోరా బట్ట సంగతి మాత్రం ముక్కుతో నవ్వినాయనకు చెప్పడం మరిచిపోయాను.

ఇక మర్నాటి సంగతి.

పొద్దున బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పల్లీపాల చాయ్ తాగాడు. హాలు దగ్గర నేను నల్ల గౌను వేసుకుని స్టేజీ పక్కన వరసలో నిలబడాల్సి వచ్చింది, అమ్మనూ బాపునూ లోపలికి పంపేశాను. అక్కడి కుర్రాళ్లు కుర్చీలు నడుమ నుంచి నింపుకుంటూ వస్తున్నారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చెబుతున్నారు. తెర పక్క నుంచి తొంగి చూశాను. బాపుకు వరస నట్టనడుమ కుర్చీ వచ్చింది. అటు అమ్మ, ఆమె పక్కన పట్టుచీరలు, ఇటు ఎవరో సఫారీ సూట్ల పెద్దమనుషులు. ఎటు లేచినా అరడజను మంది మోకాళ్లు దాటాలి. చివరి కుర్చీ అడుగుతాడని చూశాను. అడగలేదు. తలుపులు మూసిన చప్పుడు స్టేజీ దాకా వినపడింది. బాపు తల తిప్పి తలుపు వైపు ఒకసారి చూశాడు. మళ్లీ ముందుకు తిరిగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ముఖ్య అతిథి మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. తాను ఎంత కష్టపడి పైకొచ్చాడో చెప్పాడు, తండ్రి ఫ్యాక్టరీ ఇచ్చిన సంగతి మధ్యలో జారిపోయింది. సఫారీ సూట్లు ఆవలించాయి, ఫోన్లు చూసుకున్నాయి, ఒకాయన నిద్రపోయాడు. బాపు ఒక్కడే కళ్లార్పకుండా విన్నాడు. నా పేరు పిలిచినప్పుడు నేను పట్టా తీసుకుంటూ ఇచ్చిన మనిషి ముఖం చూడలేదు. నట్టనడుమ కుర్చీ వైపు చూశాను. ఆయన లేవలేదు. కూర్చునే చప్పట్లు కొట్టాడు, చేతులు తల పైదాకా ఎత్తి.

అంతా అయ్యాక తలుపులు తెరిచారు. జనం చాయ్ కౌంటర్ మీద పడ్డారు, ఉచితంగా వచ్చింది కదా. నేను గౌను ఎత్తిపట్టుకుని లోపలికి పరుగెత్తాను. కుర్చీలన్నీ ఖాళీ. అమ్మ నడవలో నిలబడి సైగ చేస్తోంది. బాపు తన కుర్చీలోనే ఉన్నాడు, రెండు వైపులా ఖాళీ వరసల మధ్య. నేను పక్కన కూర్చుని పట్టా ఆయన ఒళ్లో పెట్టాను. దాన్ని చూశాడు, అక్షరాల మీద వేలు పెట్టి నా పేరు దగ్గర ఆపాడు. ఒకామె చీపురు పట్టుకుని అటు చివరి నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది.

పోదామా బాపు అన్నాను.

"జర ఆగు బిడ్డ," అన్నాడు. "ఇంకింతసేపు కూసోనియ్."